పసిబిడ్డ డాక్టరును మార్చాలా, వద్దా? విశాఖ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

విశాఖలో పిల్లల డాక్టర్లకు కొదవ లేదు. మహారాణిపేట, రామ్‌నగర్ వైపు వెళ్తే బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక, మధురవాడల్లోనూ అంతే. అందుకే డాక్టరును మార్చడం తేలిక. తేలిక కాబట్టే తప్పుడు కారణానికి మార్చేవాళ్లు ఎక్కువ. జలుబుకు మందు రాయలేదని ఒకరిని వదిలేసి, అదే జలుబుకు మూడు సిరప్‌లు రాసిన ఇంకొకరి దగ్గర కుదురుకుంటారు. రెండు నెలలుగా బిడ్డ బరువు పెరగకపోయినా, ఒక్కసారి కూడా తూకం వేయించని డాక్టరు దగ్గర మాత్రం "హస్తవాసి మంచిది" అంటూ ఉండిపోతారు. ఈ రెండు పొరపాట్లలో రెండోదే బిడ్డకు ఎక్కువ చేటు చేస్తుంది. ఏడాది లోపు బిడ్డల విషయంలో ఏ కారణానికి మార్చాలి, దేనికి ఆగాలి, మార్చేటప్పుడు ఏవి చేజారకుండా చూసుకోవాలి అన్నవి వరసగా చూద్దాం.

ముందుగా: ఇది మార్చే సమయమా, పరుగెత్తే సమయమా?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టరు మంచివాడా కాదా అన్న చర్చ పక్కన పెట్టి దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్లాలి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితం. కేజీహెచ్ పిల్లల విభాగం రాత్రింబవళ్లు అత్యవసర కేసులు తీసుకుంటుంది.

- బిడ్డ పాలు పట్టుకోకపోవడం, లేదా తాగిందంతా కక్కేయడం
- ఫిట్స్, లేపినా సరిగా కదలకపోవడం
- డొక్కలు ఎగరేయడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం
- రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆ తర్వాత ఏడాది వరకు 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం (బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి)
- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, ఆ పైన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడి 95.9 కంటే దిగడం
- పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడడం, లేదా పసుపు అరిచేతులు, అరికాళ్ల దాకా పాకడం

మూడు నెలల లోపు జ్వరాన్ని ఏ డాక్టరైనా ఫోన్‌లోనే తేల్చేసి "పారాసెటమాల్ వేయండి, రేపు చూద్దాం" అంటే అది మార్చడానికి తగిన కారణమే. ఆ మార్చే పని మాత్రం బిడ్డ కోలుకున్నాక.

మొదటి మెట్టు: అసంతృప్తిని కాగితం మీద పెట్టండి

"సరిగా పట్టించుకోవడం లేదు" అన్న మాటతో ఏ నిర్ణయానికీ రాలేరు. "ఆరో వారం నుంచి పదో వారం వరకు 300 గ్రాములే పెరిగాడు. అడిగితే ఎదుగుదల చార్టు తీయకుండానే బాగానే ఉన్నాడన్నారు" అని రాస్తే అది తేల్చగలిగిన విషయం. ఒక కాగితం మీద తేదీ, మీరు అడిగింది, డాక్టరు చెప్పింది, తర్వాత బిడ్డకు ఏమైంది అని నాలుగు గడులు గీయండి. దాని పక్కనే వరసగా మూడు రోజుల పాటు బిడ్డ ఎన్నిసార్లు తాగాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు రాయండి. పుట్టిన ఐదారు రోజుల తర్వాత రోజుకు ఆరు, అంతకు మించి తడి లంగోటీలు ఉంటే పాలు సాధారణంగా చాలుతున్నట్టే.

బరువు లెక్క మాత్రం తల్లిదండ్రులకు కంఠతా వచ్చి ఉండాలి. డాక్టరు పనితనాన్ని కొలవడానికి ఇంట్లోవాళ్ల చేతిలో ఇంతకు మించిన సాధనం లేదు. పుట్టిన మొదటి వారంలో బరువు కొంత తగ్గుతుంది. పుట్టిన బరువులో పది శాతం దాకా తగ్గితే అక్కడ జాగ్రత్త పడాలి. అంటే మూడు కిలోల బిడ్డకు 300 గ్రాములు. 10 నుంచి 14 రోజుల మధ్య పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అక్కడి నుంచి మూడో నెల దాకా రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. మూడు నుంచి ఆరు నెలల్లో ఆ వేగం 15-20కి తగ్గుతుంది, తర్వాత ఏడాది వరకు సుమారు 10. పై ఉదాహరణలో నాలుగు వారాలకు తక్కువలో తక్కువ 560 గ్రాములు రావాల్సింది, వచ్చింది 300. ఇది అమ్మమ్మల బెంగ కాదు, డాక్టరు జవాబు చెప్పాల్సిన లెక్క.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును పుట్టిన తేదీ నుంచి కాక, డెలివరీ కావాల్సిన తేదీ నుంచి సరిచూసి పెరుగుదల లెక్కగడతారు. ఆ సవరణ చేయకుండా "పక్కింటి బిడ్డలా లేదు" అని డాక్టరును నిందించడం న్యాయం కాదు.

రెండో మెట్టు: మీ ఫిర్యాదు ఏ కోవది?

కాగితం మీదికి వచ్చిన ప్రతి ఫిర్యాదు మూడు కోవల్లో ఒకదానిలో పడుతుంది.

*మార్చాల్సినవి.* చంటిబిడ్డను బట్టలు విప్పి చూడకుండా మందు రాయడం. వచ్చిన ప్రతిసారీ బరువు, క్రమం తప్పకుండా పొడవు, తల చుట్టుకొలత కొలవకపోవడం, కొలిచినా చార్టులో గుర్తు పెట్టకపోవడం. తల్లి పాలిచ్చే తీరు ఒక్కసారి కూడా గమనించకుండా, బరువు తగ్గిందనగానే డబ్బా పాలు రాసేయడం. డబ్బా పాలు అసలు రాయకూడదని కాదు, అవసరమైన బిడ్డలు ఉంటారు. కానీ ముందు బిడ్డ రొమ్ము పట్టుకునే తీరు చూడాలి, పాలు పిండి పట్టే దారి చెప్పాలి. కంపెనీ పేరు పట్టుబట్టి చెప్పడం, ఉచిత డబ్బాలు చేతికివ్వడం వంటివి చేస్తే మరీ అనుమానించాలి. డబ్బా పాల ప్రచారాన్ని, వైద్యులకు తాయిలాలను 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధించింది.

కామెర్ల విషయం విడిగా చెప్పుకోవాలి. పుట్టిన రెండు మూడు రోజులకు వచ్చే పసుపు చాలామంది బిడ్డల్లో దానంతటదే తగ్గుతుంది. 14 రోజులు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టరు రెండు పనులు చేయాలి: విరేచనం రంగు అడగాలి, రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ అనే పరీక్ష చేయించాలి. విరేచనం సుద్దలా తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా ఉంటే పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు కావచ్చు. దానికి చేసే 'కసాయ్' (Kasai) అనే శస్త్రచికిత్స 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. "పొద్దుటెండలో పెట్టండి, పోతుంది" అంటూ నెలన్నర లాగించే డాక్టరు దగ్గర ఆగకూడదు.

మందుల చీటీ కూడా చాలా చెబుతుంది. పారాసెటమాల్ మోతాదు కిలోకు 10-15 మిల్లీగ్రాములు. నాలుగు కిలోల బిడ్డకు 40-60 మి.గ్రా. డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉంటుంది, మామూలు సిరప్‌లో 5 మి.లీ.కు 125. అంటే డ్రాప్స్ నాలుగు రెట్లు ఘాటు. చీటీలో "పారాసెటమాల్ 2.5 ఎం.ఎల్." అని మాత్రమే రాసి, షాపువాడు డ్రాప్స్ ఇస్తే బిడ్డ కడుపులోకి 250 మి.గ్రా. పోతుంది. అందుకే మందు పేరు, గాఢత, మి.లీ., ఎన్ని గంటలకోసారి అన్న నాలుగూ చీటీలో ఉండాలి. దాని మీద బిడ్డ బరువు రాసి ఉండాలి. పేరు లేని సీసాలో పోసిచ్చే మందు, చింపేసిన లేబుల్, పొట్లం కట్టిన పొడి వంటివి ఒక్కసారి కనిపించినా చాలు.

దగ్గు సిరప్‌ల మాటకొస్తే, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులే రాయవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011 నుంచి నిషేధం. మీ చీటీలో ఇవి ఉంటే డాక్టరును అడగాల్సిందే.

*అడిగితే సర్దుబాటయ్యేవి.* గంటల తరబడి టోకెన్, ఫోన్ ఎత్తకపోవడం, డాక్టరు బదులు కాంపౌండర్ జవాబివ్వడం, జ్వరం పిల్లల పక్కనే టీకా పిల్లలను కూర్చోబెట్టడం. వీటి గురించి మూడో మెట్టులో.

*మార్చకూడనివి.* జలుబుకు యాంటీబయాటిక్ రాయకపోవడం. నీళ్ల విరేచనాలకు సెలైన్ పెట్టకుండా ఓఆర్‌ఎస్, జింకు మాత్రమే రాయడం. గ్రైప్ వాటర్ వద్దనడం. ఆరు నెలల లోపు మంచినీళ్లు కూడా పట్టొద్దనడం. తేనె, వసకొమ్ము అరగదీసి నాకించడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, కాటుక, సాంబ్రాణి పొగ వద్దని గట్టిగా చెప్పడం. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమనడం. ఇవన్నీ సరైన వైద్యమే, ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చకపోయినా సరే. తల్లి పాలు మాత్రమే తాగే బిడ్డ ఆరు వారాలు దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం దాకా విరేచనం చేయకపోయినా, వచ్చినప్పుడు మెత్తగా ఉండి బరువు పెరుగుతుంటే "ఏం ఫర్వాలేదు" అన్న డాక్టరు నిర్లక్ష్యం చేసినట్టు కాదు. ఆరు వారాల లోపు అయితే విరేచనం తగ్గడం పాలు చాలకపోవడానికి గుర్తు కావచ్చు, అక్కడ మాత్రం బరువు చూడమని అడగండి. విశాఖ ఉక్కపోతలో మెడ మీద, వీపు మీద వచ్చే చెమట పొక్కులకు క్రీములు రాయకుండా పలచటి నూలు బట్ట వేసి గాలి తగలనివ్వమన్న డాక్టరు కూడా ఈ కోవలోకే వస్తారు.

మూడో మెట్టు: ఒక్కసారి నేరుగా మాట్లాడండి

మొదటి కోవ ఫిర్యాదు కాకపోతే, మార్చే ముందు ఒక విజిట్ ఇదే పనికి కేటాయించండి. సోమవారం, సాయంత్రం ఓపీ రద్దీ వేళలు తప్పించండి. రిసెప్షన్‌లో చివరి టోకెన్ అడిగితే పది నిమిషాలు తీరిక దొరుకుతుంది. గదిలోకి నలుగురు వెళ్లొద్దు. బిడ్డను ఎత్తుకునేవాళ్లు ఒకరు, మాట్లాడేవాళ్లు ఒకరు చాలు. అత్తగారి ప్రశ్న, అమ్మమ్మ ప్రశ్న కూడా అదే కాగితం మీద రాసుకెళ్లండి. లేకపోతే ఇంటికొచ్చాక "అది అడిగారా?" అన్న మాట తప్పదు.

అడిగే తీరు ఇలా ఉంటే పని జరుగుతుంది: "డాక్టరుగారూ, నాలుగు వారాల్లో 300 గ్రాములే పెరిగాడు. చార్టులో ఒకసారి చూపిస్తారా? ఇది ఎందుకై ఉంటుంది, మళ్లీ ఎప్పుడు తూకం వేయిద్దాం?" లేదా, "ఈ మందు దేనికండీ? వేయకపోతే ఏమవుతుంది? ఏం కనిపిస్తే వెంటనే రావాలి?" మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే చాలావరకు తేలిపోతుంది. పని తెలిసిన డాక్టరు ఎంత రద్దీలో ఉన్నా, మూడు నెలలు దాటిన బిడ్డకైతే "జ్వరం మూడు రోజులు దాటితే, పాలు మానేస్తే, మూత్రం తగ్గితే రండి" అని విడమరిచి చెబుతారు. "నేనున్నాగా, మీకెందుకు" అంటే ఆ మాటను కాగితం మీద తేదీతో రాసుకోండి. ఇంటర్నెట్‌లో చదివిందాన్ని డాక్టరు మీద విసిరితే మాత్రం ఎదుటి మనిషి మూసుకుపోతారు. మీ బిడ్డలో మీరు చూసింది చెప్పండి, చాలు.

నాలుగో మెట్టు: మార్పా, రెండో అభిప్రాయమా?

ఒకే ఒక విషయం మీద అనుమానం ఉంటే, ఉదాహరణకు గుండెలో శబ్దం వినిపిస్తోందన్నా, హెర్నియా ఆపరేషన్ అన్నా, డాక్టరును మార్చనక్కర్లేదు. ఫైలు పట్టుకుని ఇంకొక నిపుణుడి దగ్గర ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెచ్చుకుని పాత డాక్టరుకే చూపించొచ్చు. దీన్ని దాచాల్సిన పని లేదు. దాస్తేనే ముప్పు: ఇద్దరు రాసిన వేర్వేరు బ్రాండ్లలో ఒకే మందు ఉంటే బిడ్డకు రెండింతల మోతాదు పడుతుంది.

ఉక్కునగరం స్టీల్‌ప్లాంట్ ఆసుపత్రి, నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, రైల్వే, పోర్టు, ఈఎస్‌ఐ ఆసుపత్రుల పరిధిలో ఉన్న కుటుంబాలకు బయటికి మారడం ఖర్చుతో కూడిన పని. అక్కడ ముందు చేయాల్సింది ఆసుపత్రి మార్పు కాదు. అదే విభాగంలో మరొక డాక్టరు ఓపీ ఏ రోజో కనుక్కుని ఆ రోజు వెళ్లడం, అవసరమైతే రిఫరల్ అడగడం.

పుట్టింటి కాన్పు తర్వాత మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి వచ్చేటప్పుడు మార్పు ఎలాగూ తప్పదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పుట్టి విశాఖ వచ్చే బిడ్డల టీకాలు తప్పిపోయేది ఎక్కువగా ఈ ప్రయాణంలోనే. బయలుదేరడానికి వారం ముందే కాగితాలు తీసుకోవాలి, విశాఖలో మొదటి విజిట్ తేదీ ముందే అనుకోవాలి.

బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఉన్నప్పుడు మార్చొద్దు, ప్రాణం మీదికి వచ్చిందన్న అనుమానం ఉంటే తప్ప.

ఐదో మెట్టు: కొత్త డాక్టరును ఎంచుకోవడం

బోర్డు మీద "చైల్డ్ స్పెషలిస్ట్" అని ఉంటే సరిపోదు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ పీడియాట్రిక్స్, డీఎన్‌బీ పీడియాట్రిక్స్, డీసీహెచ్‌లలో ఒకటి ఉండాలి. డీసీహెచ్ రెండేళ్ల డిప్లొమా, అది తక్కువదేమీ కాదు. రిజిస్ట్రేషన్ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో వెతకొచ్చు. నెలలు నిండని, రెండు కిలోల లోపు బిడ్డకు నవజాత శిశు వైద్యంలో అనుభవం ఉన్నవారు కావాలి.

దూరం గురించి మొహమాటం వద్దు. కూర్మన్నపాలెం, గాజువాక వాళ్లు రామ్‌నగర్ డాక్టరును ఎంచుకుంటే షీలానగర్, ఎన్‌ఏడీ దాటి రావాలి. మధురవాడ వాళ్లకు హనుమంతవాక, మద్దిలపాలెం జంక్షన్లు. రాత్రి రెండింటికి బిడ్డ డొక్కలెగరేస్తే ఆ పేరున్న డాక్టరు పనికిరారు. టీకాలకు, బరువుకు అరగంటలో చేరగలిగే ఒక డాక్టరు, రాత్రికి పిల్లల ఐసీయూ ఉన్న ఒక ఆసుపత్రి, రెండూ ముందే తేల్చుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

రిసెప్షన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. డాక్టరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు? చేర్చాల్సి వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు? టీకాల ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు? టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో మూడో ప్రశ్న వట్టి మాట కాదు.

ఆరో మెట్టు: ఫైలు లేకుండా గడప దాటొద్దు

తీసుకోవాల్సినవి ఇవి:

- డిశ్చార్జి సమ్మరీ: పుట్టిన బరువు, ఎన్ని వారాలకు పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడా, ఫొటోథెరపీ (కామెర్లకు లైటు కింద ఉంచే చికిత్స) ఇచ్చారా
- బరువు, పొడవు, తల చుట్టుకొలత తేదీలతో సహా
- టీకా కార్డు: బ్రాండ్, బ్యాచ్ నంబరు, తేదీ. ప్రభుత్వ టీకాలైతే తల్లీబిడ్డ సంరక్షణ కార్డు, యూ-విన్ (ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు) నమోదు
- థైరాయిడ్ సహా పుట్టినప్పుడు చేసిన రక్త పరీక్షలు, తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపులు
- వినికిడి పరీక్ష ఫలితం. నెల లోపు ఈ పరీక్ష కావాలి. తేడా ఉంటే మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలవ్వాలి
- 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువున్నా రెటీనా పరీక్ష కాగితం. పుట్టిన 30 రోజుల్లోపు తొలి పరీక్ష జరగాలి, మరీ చిన్న బిడ్డలకు రెండు మూడు వారాలకే. జరగకపోతే డాక్టరు మార్పు సంగతి తర్వాత, ముందు హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట చూపించండి

ఆసుపత్రి రికార్డుల కోసం లిఖితపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. వైద్యుల వృత్తి నియమావళి, 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. బిడ్డకు నిజంగా హాని జరిగిందనుకుంటే ఈ కాగితాలే ఆధారం. జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, ఏపీ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. పరిహారం కావాలంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి.

పాత డాక్టరుకు కారణం చెప్పి తీరాలని లేదు. "ఇల్లు దూరమైందండీ, ఫైలు ఇప్పించండి" అన్నా సరిపోతుంది.

ఏడో మెట్టు: టీకాల అతుకు

డాక్టరు మారినంత మాత్రాన ఏ టీకా మొదటికి రాదు. డోసు ఆలస్యమైతే ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. "మళ్లీ మొదటి నుంచి వేద్దాం" అంటే ఎందుకని అడగండి.

జాగ్రత్త కావాల్సింది రోటావైరస్ చుక్కల దగ్గర. ప్రభుత్వ కార్యక్రమంలో 6, 10, 14 వారాలకు మూడు డోసులు. ప్రైవేటులో కొన్ని బ్రాండ్లు మూడు డోసులు, రోటారిక్స్ రెండే. మొదలుపెట్టిన బ్రాండ్‌తోనే ముగించడం మంచిది. ఏది వేశారో తెలియకపోతే మొత్తం మూడు పూర్తి చేస్తారు. న్యుమోనియా టీకా ప్రభుత్వంలో 6, 14 వారాలు, 9 నెలలకు ఉంటుంది. ప్రైవేటు పట్టికలో 6, 10, 14 వారాలకు వేసి, ఏడాది దాటాక బూస్టర్ ఇస్తారు. ఒక పట్టిక నుంచి ఇంకో దానికి మారితే మధ్య డోసు ఉందో లేదో కార్డు చూసే తేల్చాలి, తల్లి జ్ఞాపకం మీద కాదు. బీసీజీ మచ్చ పడలేదని మళ్లీ వేయించాల్సిన పని లేదు.

చివరి మెట్టు: కొత్త డాక్టరు దగ్గర మొదటి రెండు విజిట్లు

మొదటిసారి బిడ్డకు ఒంట్లో బాగున్న రోజే వెళ్లండి. ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఏది ఆపాలి, ఏది ఉంచాలి, విటమిన్ డి చుక్కల్లో రోజుకు 400 యూనిట్లు వచ్చేది ఎన్ని మి.లీ. అన్నది ఒక చీటీ మీద రాయించుకోండి. చుక్కల గాఢత బ్రాండును బట్టి మారుతుంది, పాత కొలత కొత్త సీసాకు పనికిరాదు. పాత డాక్టరు గురించి చెడ్డగా చెప్పి మొదలుపెట్టొద్దు. మీ కాగితంలోని తేదీలు, అంకెలు చూపిస్తే చాలు.

మారిన వెంటనే చాలామందిని బెదరగొట్టేది తూకం. పాత క్లినిక్‌లో 4.9 ఉన్న బిడ్డ ఇక్కడ 4.75 చూపిస్తాడు. బిడ్డ తగ్గలేదు, మెషీన్ మారింది, లేదా అక్కడ డైపర్‌తో వేశారు. ఆ ఒక్క అంకె చూసి పాలు మార్చడానికి ఒప్పుకోవద్దు. బట్టలూ డైపరూ తీసి, పాలు పట్టకముందు వేసిన ఆ తూకాన్నే కొత్త లెక్కకు మొదలుగా రాయించుకుని, వారం తర్వాత అదే మెషీన్ మీద, అదే పద్ధతిలో మళ్లీ వేయించి రెండింటినీ పోల్చండి.